నార్కొండం: లెక్కపెట్టిన వాళ్ళు, కాపలా కాసిన వాళ్ళు

ఉత్తర అండమాన్ ఒడ్డు నుంచి తూర్పుగా వంద కిలోమీటర్లు దాటి వెళితే సముద్రంలోంచి ఒక కొండ లేస్తుంది. చుట్టుపక్కల మరో దీవి లేదు. కొండే దీవి, దీవే కొండ. ఎత్తు 710 మీటర్లు. విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్ల లోపు, అంటే హుస్సేన్ సాగర్ కంటే కాస్త పెద్దది, అంతే. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం అది. అంచు నుంచి శిఖరం దాకా అడవి.

దీని పేరు నార్కొండం. తెలుగు చెవికి అందులో 'కొండ' వినబడుతుంది కానీ ఆ పేరు 'నరకకుండం' నుంచి వచ్చిందంటారు. అదే నిజమైతే చిన్న తిరకాసు ఉంది. నరకకుండంలా నిప్పులు కక్కేది ఇది కాదు, దీనికి నైరుతి దిక్కున దూరంగా ఉన్న బారెన్ దీవి. మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. పాతకాలపు నావికులు ఒకదాని పేరు ఇంకోదానికి తగిలించి ఉంటారని కొందరి ఊహ. మొత్తానికి నిప్పు అక్కడ, పేరు ఇక్కడ.

ఈ పచ్చటి నరకకుండంలో ఒక పక్షి ఉంది. నార్కొండం హార్న్‌బిల్. పెద్ద ముక్కు, తెల్లటి తోక. మగదానికి తలా మెడా ఇటుకరంగు, ఆడదానికి ఒళ్ళంతా నలుపు. ఈ జాతి ఈ దీవి మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా బతకడం లేదు. పక్కన వందల దీవులున్నాయి, వాటిల్లోనూ దట్టమైన అడవులున్నాయి, కానీ మిగతా అండమాన్‌లలో ఎక్కడా హార్న్‌బిల్ అనేదే లేదు. దీని దగ్గరి చుట్టాలన్నీ అటువైపు, బర్మా నుంచి ఆగ్నేయాసియా దాకా విస్తరించి ఉన్నాయి.

నేను ఆ దీవి చూడలేదు. అభయారణ్యం కాబట్టి అనుమతి లేకుండా ఎవరూ దిగకూడదు, దిగాల్సినంత పని నాకు అక్కడ లేదు. నేను చూసినదల్లా అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళ చరిత్ర. సుమారు నూట యాభై ఏళ్ళుగా మనుషులు ఆ దీవికి మూడు పనుల మీద వెళ్తున్నారు: చూడటానికి, లెక్కపెట్టడానికి, కాపలా కాయడానికి. ఈ మూడూ ఒకటే పని అని మనం అనుకుంటాం. నార్కొండం కథ చదివితే కాదని తెలుస్తుంది.

*

మొదట చూడటానికి వెళ్ళిన వాళ్ళలో ముఖ్యుడి పేరు మనందరికీ తెలుసు, కాకపోతే వేరే పాఠంలో. ఆలన్ ఆక్టేవియన్ హ్యూమ్. పోటీ పరీక్షల పుస్తకాల్లో 'కాంగ్రెస్ స్థాపకుడు ఎవరు?' అన్న బిట్టుకి జవాబు. 1885కి ముందు ఆయనకి ఇంకో జీవితం ఉంది. ఇండియా ప్రభుత్వంలో రెవెన్యూ, వ్యవసాయ, వాణిజ్య శాఖకి కార్యదర్శిగా ఉంటూనే, ఈ దేశపు పక్షులన్నిటినీ ఒక పుస్తకంలోకి ఎక్కించాలని పట్టుదలతో పనిచేశాడు. దేశమంతా ఉన్న అధికారుల చేత, మిలిటరీ వాళ్ళ చేత పక్షుల నమూనాలు తెప్పించుకునేవాడు. వాళ్ళ ఉత్తరాలు, తన రాతలు అచ్చువేయడానికి 'స్ట్రే ఫెదర్స్' అని సొంత పత్రిక కూడా పెట్టాడు.

1873 మార్చిలో ఆయన బంగాళాఖాతం దీవుల మీదికి యాత్ర కట్టాడు. వెంట ఫెర్డినాండ్ స్టోలిచ్కా లాంటి భూగర్భ శాస్త్రవేత్తలున్నారు. ఆ యాత్రలో నార్కొండం దగ్గరా ఆగారు. ఈ హార్న్‌బిల్ కొత్త జాతి అని హ్యూమ్ గుర్తించి ఆ ఏడాదే తన పత్రికలో ప్రకటించాడు. ఇప్పటికీ దాని శాస్త్రీయ నామంలో దీవి పేరు, పక్కన హ్యూమ్ పేరు, 1873 అన్న అంకె కలిసి ఉంటాయి.

ఆ రోజుల్లో 'చూడటం' అంటే తుపాకీతో చూడటం. కొట్టాలి, చర్మం ఒలిచి ఆరబెట్టాలి, చీటీ కట్టాలి. పక్షి చేతిలో లేకపోతే అది ఉన్నట్టు కాదు. ఇప్పుడు మనకిది క్రూరంగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఆ చీటీ మీద రాసిన తేదీ, చోటు లేకపోతే నార్కొండంలో హార్న్‌బిల్ కథ మనకి 1873 నుంచి మొదలయ్యేది కాదు.

హ్యూమ్ కథకి ముగింపు వేరేలా వచ్చింది. పక్షుల మహాగ్రంథం కోసం రెండు దశాబ్దాలకు పైగా పోగుచేసుకున్న రాతప్రతుల్ని, ఆయన సిమ్లాలో లేని ఒక చలికాలంలో, ఇంట్లో నౌకరు బజారులో చిత్తుకాగితాల కింద అమ్మేశాడు. ఏ కిరాణా కొట్లో ఏ పప్పు పొట్లాలయ్యాయో. హ్యూమ్ ఆ పని మళ్ళీ మొదలుపెట్టలేదు. అరవై వేలకు పైబడ్డ పక్షి చర్మాల్ని 1885లో బ్రిటిష్ మ్యూజియంకి ఇచ్చేశాడు. ఆ ఏడాది చివర్లోనే బొంబాయిలో కాంగ్రెస్ మొదటి సభ. రాతలు పోయాయి, చర్మాలు మిగిలాయి. ఒక చోటికి వెళ్ళి చూసొస్తే సరిపోదు, చూసినది ఎవరో ఒకరి దగ్గర భద్రంగా ఉండాలి అనడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ నాకు తోచదు.

*

ఆ తరవాత చాలాకాలం నార్కొండంకి అడపాదడపా వచ్చిపోయే వాళ్ళే తప్ప ఉండే వాళ్ళు లేరు. దీవికి కాపలా వచ్చింది స్వతంత్రం వచ్చాక. కారణం పక్షి కాదు, సరిహద్దు.

పటం తీసి చూడండి. నార్కొండం అటు బర్మాకి, ఇటు అండమాన్‌కి మధ్యలో ఉంది. ఈ దీవి మాదంటే మాదని చాలాకాలం నలిగింది. 1986 డిసెంబర్‌లో రెండు దేశాలూ సముద్ర సరిహద్దు ఒప్పందం చేసుకున్నాకే ఆ మాట సద్దుమణిగింది. ఇలాంటి తగాదాలో దీవి మీద మన మనిషి ఒకడు నిలబడి ఉండటం అవసరం. అందుకని 1960ల చివర అక్కడ పోలీస్ అవుట్‌పోస్ట్ పెట్టారు. కొద్దిమంది పోలీసులు, వంతులవారీగా. ఒడ్డున కాస్త చదునుగా ఉన్నచోట అడవి కొట్టి బారకాసులు కట్టారు, కొబ్బరి, అరటి లాంటివి వేశారు.

ఆ పోలీసుల్ని తలుచుకుంటే నాకు జాలి వేస్తుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి (2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు) ఓడ వస్తేనే సరుకులు. రాకపోతే లేదు. ఇల్లు లేదు, ఊరు లేదు, చుట్టూ నీళ్ళు. అలాంటిచోట మనిషికి కూర మీదికి ధ్యాస పోవడంలో వింతేముంది? 1970లలో మాంసం కోసం దీవి మీదికి మేకల్ని తెచ్చారు.

మేక సంగతి మన పల్లెల్లో ఎవరినడిగినా చెప్తారు. మేక మేసిన చోట మొలక లేవదు. అక్కడ పులి లేదు, తోడేలు లేదు, మేకని ఆపేది ఏదీ లేదు. కొన్ని అడవిలోకి జారుకున్నాయి, పెరిగాయి, వందల్లోకి వెళ్ళాయి. పెద్ద చెట్లు అలాగే నిలబడి ఉంటాయి కాబట్టి దూరం నుంచి చూస్తే అడవి పచ్చగానే ఉంటుంది. కానీ కింద కొత్తమొక్క ఉండదు. ముసలివాళ్ళు మాత్రమే మిగిలిన ఊరులా ఉంటుంది.

చరిత్ర ఎలా కలిసొస్తుందో చూడండి. ఆ దశకంలోనే, 1977లో, నార్కొండంని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 1972 చట్టంలో ఈ హార్న్‌బిల్‌కి అత్యున్నత రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో చోటు దొరికింది. గెజెట్‌లో రక్షణ పెరుగుతోంది, నేలమీద మొలక తరుగుతోంది. రెండూ ఒకే ప్రభుత్వం పనులే. వేర్వేరు శాఖలు, అంతే.

దీనివల్ల హార్న్‌బిల్‌కి ఏమవుతుంది? అది గూడు కట్టదు. పెద్ద చెట్టు తొర్ర వెతుక్కుంటుంది. ఆడది లోపలికి దూరి, తన రెట్టతో, పండ్ల గుజ్జుతో ద్వారాన్ని మెత్తి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్ల ఎదిగే దాకా వారాల తరబడి లోపలే. ఆ కాలంలో దాని రెక్కల ఈకలు కూడా రాలి కొత్తవి మొలుస్తాయి, అంటే ఎగరాలన్నా ఎగరలేదు. మగది బయట తిరిగి మర్రి, జువ్వి జాతి పండ్లు ఏరుకొచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. మగదానికి ఏదైనా అయితే తొర్రలో ఉన్నవాటి గతి కూడా అంతే. ఇదంతా జరగాలంటే తొర్ర పట్టేంత లావు చెట్టు కావాలి. ఇప్పటి మొలకే కొన్ని దశాబ్దాల తరవాతి తొర్ర. మేక తిన్నది ఆకు కాదు, రాబోయే గూడు.

*

ఈ విషయం ఎవరో వెళ్ళి, ఉండి, చూసి రాస్తేనే బయటపడింది. 1972లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున ఎస్.ఎ. హుస్సేన్ వెళ్ళి ఈ పక్షి జీవితాన్ని దగ్గర నుంచి పరిశీలించాడు. సంఖ్య నాలుగు వందల దరిదాపు అన్నాడు. 1990ల చివర రవి శంకరన్ వెళ్ళాడు. కోయంబత్తూరులోని సలీం అలీ కేంద్రంలో పనిచేసిన శాస్త్రవేత్త. అండమాన్, నికోబార్ దీవుల్లో ఆయన తిరిగినంతగా తిరిగిన పక్షి శాస్త్రవేత్తలు తక్కువ. పిట్ట ఉమ్మితో కట్టే గూళ్ళని సూప్ కోసం దొంగిలించే వ్యాపారం మీద ఆయన చేసిన పని ప్రసిద్ధం. నార్కొండంలో ఆయన అంచనా మూడు వందల చిల్లర. మేకల్ని వెంటనే తీసేయాలని గట్టిగా చెప్పిన వాళ్ళలో ఆయనొకడు. ఆ కాలంలోనే ఇంకో ఇద్దరు పరిశోధకులు నాలుగు వందల పైచిలుకు అన్నారు. మేకల్ని దీవి నుంచి తొలగించే పని ఈ రాతల తరవాతే జరిగింది. రవి శంకరన్ 2009లో, నలభై అయిదేళ్ళకే పోయాడు.

తరవాతి పెద్ద లెక్క 2019–20 చలికాలంలో. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు ముందుండి నడిపిన బృందం అది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కూడా ఆ పనిలో భాగస్వామి. వాళ్ళ అంచనా వెయ్యి దాటింది. ప్రపంచంలో హార్న్‌బిల్స్ ఇంత చిక్కగా ఉన్న చోటు ఇంకోటి ఎక్కడా నమోదు కాలేదు.

నాలుగు వందలు, మూడు వందలు, నాలుగు వందల పైచిలుకు, వెయ్యి. ఈ అంకెల్ని వరసగా పెట్టి గీత గీస్తే పక్షి తగ్గింది, పెరిగింది, ఇరవై ఏళ్ళలో మూడింతలైంది అని కథ చెప్పేయొచ్చు. చెప్పకూడదు. ఎందుకంటే ఈ లెక్కలు ఒకే కొలబద్దతో కొలిచినవి కావు.

అడవిలో పక్షుల్ని లెక్కపెట్టడం జనాభా లెక్కల్లా ఇంటింటికీ తిరిగి రాసుకోవడం కాదు. పక్షి నిలబడదు. ఇందాక ఈ చెట్టు మీద చూసినదే కాసేపటికి ఆ చెట్టు మీద ఉంటుంది. ఆడవి తొర్రల్లో ఉండే కాలంలో వెళితే సగం జాతి కనబడదు. ఇక ఆ దీవి పటంలో ఏడు చదరపు కిలోమీటర్లే కానీ నేలమీద అంతా నిట్టనిలువు. పోలీస్ పోస్ట్ చుట్టుపక్కల చూసి మిగతాది ఊహించడం ఒక పద్ధతి. కొన్ని దారులు ఎంచుకుని, కింద నుంచి శిఖరం దాకా మళ్ళీ మళ్ళీ నడిచి, కనబడ్డ ప్రతి పక్షీ దారికి ఎంత దూరంలో ఉందో రాసుకోవడం ఇంకో పద్ధతి. దూరం పెరిగేకొద్దీ కంటబడేవి తగ్గుతాయి. ఎంత తగ్గుతున్నాయో తెలిస్తే, మనం చూడలేకపోయినవి ఎన్నో గణితంతో అంచనా కట్టొచ్చు. అప్పుడు కూడా వచ్చేది ఒక్క అంకె కాదు, ఇంతకి తగ్గదు, ఇంతకి మించదు అని రెండు హద్దులు. నిజాయితీగల లెక్క ఎప్పుడూ రెండు హద్దులతోనే వస్తుంది.

కాబట్టి కొత్త లెక్కలోంచి పాత లెక్కని తీసేస్తే వచ్చేది పక్షుల పెరుగుదల కాదు. అవే దారుల్లో, అదే కాలంలో, అదే పద్ధతిలో మళ్ళీ నడిచి ఆ రెండు నడకల్నీ పోల్చాలి. మొదటిసారి వెళ్ళి రాసేది సమాచారం. రెండోసారి వెళ్ళినప్పుడు గానీ అది పర్యవేక్షణ కాదు. ఇంత చిన్న దీవి విషయంలో కూడా మనకి లోటైనది ఆ రెండోసారే.

*

ఇదంతా పక్షి పిచ్చివాళ్ళ గొడవ అనుకోవద్దు. ఈ అంకెలు ఢిల్లీలో బల్లల మీదికి వెళ్ళాయి.

కోస్ట్ గార్డ్ వాళ్ళు నార్కొండం మీద రాడార్ పెట్టాలని ప్రతిపాదించారు. రాడార్, దానికి డీజిల్ జనరేటర్లు, కొండమీదికి రోడ్డు. వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. తూర్పు సరిహద్దు సముద్రం, పైన కోకో దీవులు, తిరిగే ఓడలు. కాపలా వాళ్ళ ఉద్యోగం. విషయం జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘానికి వెళ్ళింది. సంఘం తరఫున పక్షి శాస్త్రవేత్త అసద్ రహ్మానీ దీవికి వెళ్ళి చూసొచ్చి, వద్దన్నాడు. 2012లో అప్పటి పర్యావరణ మంత్రి జయంతి నటరాజన్ అనుమతి నిరాకరించారు. 2014లో ప్రభుత్వం మారాక అదే ప్రతిపాదనకి పచ్చజెండా ఊపారు. రెండేళ్ళలో దీవి మారలేదు, పక్షి మారలేదు. బల్ల వెనక కూర్చున్న వాళ్ళు మారారు.

ఆ వాదోపవాదాల్లో పదేపదే వినబడ్డ అంకె మూడు వందల చిల్లర. 'లోకంలో మిగిలినవి ఇవే' అన్నది గట్టి మాట, పనికొచ్చిన మాట. ఇప్పుడు లెక్క వెయ్యి దాటింది కదా. రేపు ఇంకో ఫైలు కదిలినప్పుడు 'వెయ్యి ఉన్నాయిగా, ఒక రోడ్డేస్తే ఏమవుతుంది?' అని ఎవరైనా అడిగితే?

నాకు అసలు భయం ఇక్కడే. అంకెని కవచంగా వాడిన వాళ్ళకి అది ఏదో ఒకరోజు కత్తిలా తిరుగుతుంది. పక్షిని కాపాడాల్సింది అది మూడు వందలే ఉందని కాదు. దానికి ఉన్నది ఒక్క చోటే అని. పక్షులు మూడింతలైతే దీవి మూడింతలు కాదు. వెయ్యి పక్షులున్నా గింజలన్నీ ఒకే గాదెలో ఉన్నట్టే.

గాదెకి నిప్పంటుకోవడం ఎలా ఉంటుందో ఉత్తరాంధ్ర వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబర్‌లో అండమాన్ సముద్రంలో పుట్టిన తుపాను ఆ దీవుల్ని దాటుకుని వచ్చి విశాఖ మీద పడింది. కైలాసగిరి మీద, యూనివర్సిటీలో పెద్దపెద్ద చెట్లు వరసగా ఒరిగిపోయాయి. దాని పేరు హుద్‌హుద్. అది ఒక పిట్ట పేరు, తలమీద విసనకర్రలాంటి జుట్టున్న పిట్ట. పక్షుల వంశవృక్షంలో హుద్‌హుద్, హార్న్‌బిల్ ఒకే వర్గం కిందికి వస్తాయి. విశాఖకి చుట్టుపక్కల జిల్లాలున్నాయి, మళ్ళీ నాటుకోవడానికి నర్సరీలున్నాయి. ఏడు చదరపు కిలోమీటర్ల దీవి మీద అలాంటిది సరిగ్గా పడితే, తొర్రలున్న ముసలి చెట్లు ఒక్క రాత్రిలో ఒరిగితే, పక్కూరు నుంచి వచ్చే హార్న్‌బిల్స్ లేవు. తుపానుని మనం ఆపలేం. రోడ్డుని, మేకని ఆపగలం.

మళ్ళీ నాటేది కూడా ఆ పక్షే. 2019–20 బృందం నార్కొండంని ఈశాన్య భారతంలోని ఒక అడవితో పోల్చి చూసింది. పెద్ద అడవిలో పండ్లు తిని గింజలు చల్లే పక్షులు చాలా రకాలుంటాయి, ఒకటి తగ్గితే ఇంకోటి కొంత పని అందుకుంటుంది. దీవి మీద ఆ పని చేసేవి కొన్నే, వాటిల్లో పెద్ద వాటా హార్న్‌బిల్‌ది. అంటే అడవి ఉంది కాబట్టి పక్షి ఉంది అన్నది సగం మాటే. పక్షి ఉంది కాబట్టి అడవి ఉంది.

*

విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ పోతుంది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి చేపల వేటకి, కూలికి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ దీవుల్లో ఎక్కువగా వినబడే భాషల్లో మనదొకటి. అయినా అండమాన్ అంటే మనకి సెల్యులర్ జైలు, హనీమూన్ ప్యాకేజీ. నార్కొండం పేరు ఆ రెండిట్లోనూ రాదు.

ఈ చరిత్రలో నన్ను వదలని విషయం ఇంకోటుంది. యాభై ఏళ్ళకు పైగా ఆ దీవి మీద ఏడాది పొడుగునా ఉన్నది పోలీసులు. శాస్త్రవేత్తలు నెలా రెండు నెలలుండి వచ్చేస్తారు, అదీ వీళ్ళ ఆసరాతోనే. ఏ మర్రి ఎప్పుడు కాసిందో, ఏ తొర్రలో జంట చేరిందో, ఏ వానాకాలం ఏ చెట్టు పడిందో అందరికంటే ఎక్కువగా వాళ్ళ కళ్ళే చూసి ఉంటాయి. కానీ వాళ్ళని పంపింది పడవల్ని చూడమని. దీవిని చూడమని చెబితే, ఒక పుస్తకమిచ్చి రోజుకి రెండు ముక్కలు రాయమంటే, మనం వెతుక్కుంటున్న ఆ రెండోసారి, మూడోసారి, వందోసారి అక్కడే దొరికేవి. కాపలా కాసేవాడికి, లెక్కపెట్టేవాడికి మధ్య ఉన్న గోడ చాలా పల్చనిది.

2021లో నార్కొండం నుంచి ఒక కొత్త జంతువుని ప్రకటించారు. జువలాజికల్ సర్వే వాళ్ళు గుర్తించిన తెల్లపళ్ళ చుంచు, అరచేతిలో ఇమిడేంత జీవి. దాని శాస్త్రీయ నామంలో కూడా దీవి పేరు ఉంది. హ్యూమ్ వచ్చి వెళ్ళిన సుమారు నూట యాభై ఏళ్ళకి, పోలీసులు దిగిన యాభై ఏళ్ళకి, అభయారణ్యమని గెజెట్‌లో రాసిన నాలుగు దశాబ్దాలకి. 2012లోనూ 2014లోనూ రాడార్ ఫైలు మీద సంతకాలు పెట్టేటప్పుడు ఎవరూ ఆ చుంచు మాట ఎత్తలేదు. ఎత్తడానికి అప్పటికి దానికి పేరే లేదు.